ఉన్న డ్రైనేజీ పైపుకి కొత్త టాయిలెట్ కలపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు కట్టి ఇరవై ఏళ్లయి ఉంటుంది. అప్పట్లో లెట్రిన్ పెరట్లో ఓ మూలన కట్టారు. ఇప్పుడు అమ్మకో నాన్నకో మోకాళ్ల నొప్పులు, అర్ధరాత్రి పెరట్లోకి వెళ్లాలంటే ఇంట్లో అందరికీ టెన్షన్. "పడకగది పక్కనే ఒక కమోడ్ పెట్టించి ఉన్న పైపుకే కలిపేస్తే సరిపోతుందా?" అని అడుగుతారు. చాలా ఇళ్లలో సరిపోతుంది. కానీ ఎక్కడ కలుపుతున్నారు, ఎంత వాటంతో, అంటే ఏటవాలుతో, కలుపుతున్నారు అన్నది చూసుకోకపోతే టైల్స్ పగలగొట్టి మళ్లీ చేయించాల్సి వస్తుంది. ఇళ్ల పనులు దగ్గరుండి చేయించేవాడిగా నన్ను తరచూ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

సాయిల్ పైపు అంటే ఏది? మా ఇంట్లో ఎలా గుర్తుపట్టాలి?

కమోడ్ నుంచి మలం, నీళ్లు మోసుకెళ్లే పైపే సాయిల్ పైపు. మన ఇళ్లలో ఇది నాలుగంగుళాల పైపు, షాపులో 110 మిల్లీమీటర్లదని అంటారు. మేడ ఇళ్లలో వెనక గోడ వెంట నిలువుగా దిగి, నేలలోంచి చాంబర్‌కీ (పైపులు కలిసే, మూత ఉన్న చిన్న తొట్టి), అక్కడి నుంచి సెప్టిక్ ట్యాంకుకో వీధి డ్రైనేజీకో వెళ్తుంది. దాని పక్కనే స్నానం నీళ్ల పైపు, వాన నీళ్ల పైపు కూడా ఉండొచ్చు. మూడూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి రంగు చూసి నమ్మకండి. చాంబర్ మూత తీసి, పైనున్న టాయిలెట్‌లో ఒకరిని ఫ్లష్ చేయమనండి. నీళ్లు ఏ పైపులోంచి వస్తే అదే.

మొదట కమోడ్ కొనేయవచ్చా?

వద్దు. ముందు చాంబర్ మూత తీయండి. పైపు ఎంత లోతులో ఉందో తెలియకుండా ఏ కమోడ్ కొనాలో తెలియదు.

ఒక లెక్క చూపిస్తాను. కొత్త టాయిలెట్ నుంచి చాంబర్ వరకు 24 అడుగుల దూరం. చాంబర్‌లో మన పైపు కలవాల్సిన మట్టం గది ఫ్లోరింగ్ కన్నా 18 అంగుళాల కింద ఉంది. ప్రతి 40 అంగుళాలకు ఒక అంగుళం వాటం ఇస్తే 24 అడుగులకు సుమారు ఏడుంపావు అంగుళాలు కావాలి. అంటే కమోడ్ కింద పైపు అడుగుభాగం ఫ్లోరింగ్‌కి పదిన్నర అంగుళాల లోతులో మొదలైనా సరిపోతుంది. నేలలోకి దిగే బెండ్ ఆ లోతులో పడుతుంది.

అదే దూరం 40 అడుగులైతే వాటానికే 12 అంగుళాలు పోతాయి, మిగిలేది ఆరంగుళాలు. నాలుగంగుళాల బెండ్ అందులో పట్టదు. అప్పుడు మేస్త్రి "బాత్రూమ్ ఒక మెట్టు ఎత్తు చేసేద్దాం" అంటాడు. పెద్దవాళ్ల కోసం కడుతున్న గదికి మెట్టు పెట్టడం నాకు అస్సలు ఇష్టం ఉండదు. తడి కాళ్లతో ఆ మెట్టు దగ్గరే పడతారు. దీనికి వేరే దారి ఉంది, తర్వాతి జవాబు చూడండి.

పి ట్రాప్ మంచిదా, ఎస్ ట్రాప్ మంచిదా?

ట్రాప్ అంటే నీళ్లు నిలిచి వాసనను ఆపే వంపు. మంచీ చెడూ కాదు, మీ పైపు ఎటు ఉందన్నదే విషయం. ఎస్ ట్రాప్ కమోడ్ నీళ్లను కిందికి, నేలలోకి వదులుతుంది. పి ట్రాప్ కమోడ్ వెనక్కి, గోడలోంచి వదులుతుంది. పి ట్రాప్ రంధ్రం ఫ్లోరింగ్ మీద దాదాపు ఏడంగుళాల ఎత్తులో ఉంటుంది.

పైన చెప్పిన 40 అడుగుల ఇంటికి ఈ ఏడంగుళాలే ప్రాణం. పైపు గోడలోంచి బయటికి వచ్చి, బయట దిగి, అక్కడి నుంచి వాటంతో చాంబర్‌కి వెళ్తుంది. నేలలో బెండ్ పట్టాలన్న బెడద లేదు, బాత్రూమ్‌కి మెట్టూ అక్కర్లేదు. బయట పైపు కొంత కనిపిస్తుందని కొందరికి నచ్చదు. చుట్టూ చిన్న ఇటుక పెట్టె కట్టి మూత పెట్టుకుంటే సరి.

ఎస్ ట్రాప్ తీసుకుంటే గోడ నుంచి రంధ్రం మధ్యకి ఎంత దూరమో కొలవండి. మన షాపుల్లో 4, 9, 12 అంగుళాల దూరాలకు సరిపోయే మోడళ్లు దొరుకుతాయి. ఈ కొలత టైల్ వేశాక ఉండే గోడ నుంచి, ఇటుక గోడ నుంచి కాదు. ప్లాస్టరింగ్, టైల్ కలిసి అంగుళానికి పైగా తినేస్తాయి. గోడకు వేలాడే కమోడ్ అయితే కంపెనీ ఇచ్చే కొలతల కాగితం ప్లంబర్ చేతిలో పెట్టకుండా గోడ పగలగొట్టనివ్వకండి.

వాటం ఎంత ఉండాలి? ఎక్కువిస్తే ఇంకా మంచిది కదా?

నాలుగంగుళాల పైపుకి 10 అడుగులకు రెండున్నర నుంచి మూడు అంగుళాలు. అంతకన్నా బాగా తక్కువైతే మలం మధ్యలో ఆగిపోతుంది. చాలా ఎత్తు కలిసివచ్చిందని దారంతా ఏటవాలుగా వేయడం కన్నా, మామూలు వాటంతో తీసుకొచ్చి చివర ఒకచోట నిలువుగా దింపడం మేలు.

అసలు ఇబ్బంది మొత్తం వాటంతో కన్నా మధ్యలో పడే పొట్టతో వస్తుంది. రెండు చివర్లూ కొలిస్తే లెక్క సరిగ్గానే ఉంటుంది, మధ్యలో పైపు కిందికి జారి ఉంటుంది. అక్కడ ఎప్పుడూ నీళ్లు నిలిచి, మట్టి పేరుకుంటుంది. అందుకే పైపు కింద మట్టి గట్టిగా దిమ్మిస కొట్టించి, ఇసుక పరిచి, ప్రతి ముక్క మీదా రసమట్టం పెట్టి చూడండి.

నాలుగు బదులు ఆరంగుళాల పైపు వేస్తే జామ్ కాదు కదా?

ఒక ఇంటి టాయిలెట్‌కి ఆరంగుళాలు అక్కర్లేదు. ఇప్పటి ఫ్లష్ ట్యాంకులు పెద్ద బటన్ నొక్కితే 6 లీటర్లు, చిన్న బటన్ నొక్కితే 3 లీటర్లు వదులుతాయి. ఆ కొద్ది నీళ్లు వెడల్పు పైపులో పలచగా పరుచుకుపోతాయి, మలాన్ని తోసే బలం తగ్గిపోతుంది. కలిపే చోట పాత పైపు మూడంగుళాలదే ఉంటే మాత్రం అది సాయిల్ పైపు కాదేమో అని మళ్లీ చూసుకోండి. పెద్ద పైపును చిన్న పైపులోకి ఎప్పుడూ కలపకూడదు.

నిలువు పైపును మధ్యలో కోసి కొత్తది ఎలా కలుపుతారు?

ఇక్కడే ఎక్కువ మోసపోతారు, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

కొందరు పైపుకి రంధ్రం పెట్టి, కొత్త పైపును అందులోకి దూర్చి, చుట్టూ ఎంసీల్‌తోనో సిమెంటుతోనో పూసేస్తారు. గంటలో పని అయిపోతుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ దూర్చిన పైపు అంచు లోపలికి పొడుచుకొచ్చి ఉంటుంది. పై అంతస్తు నుంచి వచ్చే ప్రతిదీ దానికి తట్టుకుంటుంది. మొదట ఓ గుడ్డపీలిక, తర్వాత వెంట్రుకలు, ఆ తర్వాత పైపు మొత్తం. ఎవరైనా ఇలా చేస్తామంటే ఒప్పుకోకండి.

సరైన పద్ధతిలో, కోయడానికి ముందే పై భాగాన్ని గోడకు క్లాంపులతో గట్టిగా బిగించాలి. లేకపోతే కోయగానే పై పైపంతా జారుతుంది. మేడ మీదవాళ్లకు ఆ పూట టాయిలెట్ వాడవద్దని చెప్పి, తలుపుకి తాళమే వేయండి. అలవాటుకొద్దీ ఎవరో ఒకరు ఫ్లష్ నొక్కుతారు. పైపులోంచి కావలసినంత ముక్క సూటిగా కోసి తీసి, కోసిన అంచుల్లో లేచిన గరుకును గీకి నున్నగా చేయాలి. ఆ ఖాళీలో వై (ఇంగ్లిష్ Y అక్షరంలా వాలుగా చీలే ఫిట్టింగ్) గానీ, కిందికి వంపు ఉన్న టీ (T అక్షరంలాంటిది) గానీ పెట్టాలి. ఇరుకు చోట ఫిట్టింగ్ ఎక్కించడానికి, పైపు మీద పూర్తిగా పైకి జరిపి మళ్లీ కిందికి లాగగలిగే కప్లర్ వాడతారు.

మూత ఉన్న ఫిట్టింగ్ అడగండి, షాపులో డోర్ టీ, డోర్ బెండ్ అంటారు. రేపు ఎప్పుడైనా అడ్డం పడితే ఆ మూత విప్పి శుభ్రం చేసుకోవచ్చు. ఆ మూతను గోడలో పూడ్చేయవద్దు.

నేలలో పడుకుని ఉన్న పైపుకి కలపాలంటే వై ఒక్కటే వాడాలి, అదీ నీళ్లు పారే దిక్కుకి వంచి. అక్కడ లంబకోణంలో టీ పెడితే కొత్త టాయిలెట్ నీళ్లు ఎదురు గోడకు కొట్టుకుని వెనక్కి కూడా తన్నుతాయి.

ఏ పైపు కొనాలి?

మురుగు పైపుల ప్రమాణం ఐఎస్ 13592. అందులో రెండు రకాలున్నాయి. టైప్ ఏ గాలి గొట్టానికీ వాన నీటికీ, టైప్ బి మలం, మురుగు నీళ్లకు. కొత్త టాయిలెట్‌కి టైప్ బి తీసుకోండి. పైపు మీదే ముద్రించి ఉంటుంది, డబ్బు ఇచ్చేముందు చదవండి.

రబ్బరు రింగ్ ఉండే జాయింట్ అయితే పైపును చివరిదాకా దూర్చి, గీత గీసుకుని, ఓ 10 మిల్లీమీటర్లు వెనక్కి లాగాలి. మన ఎండలకు పైపు సాగుతుంది, ఆ సందు దానికోసమే. సొల్యూషన్‌తో అతికించే జాయింట్ అయితే తుడిచి, ఆరబెట్టి, రెండు వైపులా పూసి ఒక్కసారే దూర్చాలి.

మాది పాత ఇల్లు, ఇనుప పైపులో సిమెంటు పైపులో ఉన్నాయి. వాటికి పీవీసీ కలుస్తుందా?

పోత ఇనుముకీ పీవీసీకీ మధ్య వేసే రబ్బరు అడాప్టర్లు దొరుకుతాయి. సిమెంటు పూసి వదిలేస్తే రెండు పైపులూ ఎండకు వేర్వేరుగా సాగి, ఏడాది తిరక్కముందే చెమ్మ కనిపిస్తుంది. బూడిదరంగు సిమెంటు పైపు అయితే అందులో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. దాన్ని గ్రైండర్‌తో పొడిగా కోయనివ్వకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. వీలైతే ఆ పైపును కదిలించకుండా చాంబర్ దగ్గరే కొత్తది కలపండి. నన్నడిగితే, పాత పైపు బీటలు వారి ఉంటే దానికి అతుకు వేయడం కన్నా మొత్తం మార్చేయడమే చవక.

కింద గదిలో టాయిలెట్‌ని, పైనుంచి దిగే పైపుకి నేల దగ్గరే కలిపేయవచ్చా?

దగ్గరే కదా అని అందరూ చేసేది ఇదే, అందరికీ చేదు అనుభవం మిగిల్చేదీ ఇదే. పైనుంచి పడ్డ నీళ్లు అడుగున బెండ్ దగ్గర ఒక్కసారి నెమ్మదించి ఎత్తుగా నిలుస్తాయి. వెనక వస్తున్న గాలికి దారి ఉండదు. అది దగ్గర్లో ఉన్న మీ కొత్త కమోడ్‌లోంచి పైకి తన్నుకొస్తుంది. మేడ మీద ఫ్లష్ చేస్తే కింద కమోడ్‌లో బుడగలు, ఒక్కోసారి చిందులు. కింది టాయిలెట్‌కి విడిగా పైపు వేసి నేరుగా చాంబర్‌లో కలపండి. నాలుగు అడుగుల పైపు ఎక్కువైనా సరే.

ఒకే పైపుకి రెండు వైపులా రెండు టాయిలెట్లు కలపవచ్చా?

కలపవచ్చు, కానీ సరిగ్గా ఎదురెదురుగా ఒకే మట్టంలో వద్దు. ఒకదాని నీళ్లు ఇంకోదానిలోకి పోతాయి. ఒకటి జానెడు కిందికి ఉండేలా చూడండి.

గాలి గొట్టం నిజంగా అవసరమా? ఫ్లష్ చేస్తే గుడగుడమంటోంది.

ఆ గుడగుడ గాలి కోసం పైపు చేసే శబ్దమే. నీళ్ల ముద్ద పైపులో దిగుతుంటే వెనక గాలి ఖాళీ ఏర్పడుతుంది. గొట్టం లేకపోతే ఆ ఖాళీ కమోడ్‌లో నిలిచిన నీళ్లను లాగేస్తుంది. ఆ రెండంగుళాల నీళ్లే మురుగు వాసన ఇంట్లోకి రాకుండా ఆపే తలుపు.

సాయిల్ పైపునే గాలి గొట్టంగా శ్లాబు మీదికి, మనుషులు తిరిగే డాబా అయితే మనిషి తలకన్నా ఎత్తుకి తీసుకెళ్లి, పైన కౌల్ (గాలి ఆడే మూత) పెట్టి దోమల జాలీ కట్టండి. సెప్టిక్ ట్యాంకు దోమలకు పుట్టిల్లు. కొత్త పైపు నిలువు పైపుకి 20 అడుగులకన్నా దూరంగా ఉంటే దానికి విడిగా చిన్న గాలి గొట్టం పెట్టించండి.

కమోడ్ కింద ఇంకో ట్రాప్ పెడితే వాసన అసలే రాదంటున్నాడు మేస్త్రి. నిజమేనా?

కాదు. మా ఇంట్లోనే ఇది జరిగింది. అమ్మ గదికి కమోడ్ పెట్టించిన రోజు నేను ఊళ్లో లేను. ఇండియన్ పాన్‌కి పెట్టే అలవాటుకొద్దీ మేస్త్రి కమోడ్ కింద కూడా ఒక ట్రాప్ పెట్టి టైల్స్ వేసేశాడు. కమోడ్‌లోనే ట్రాప్ ఉంటుంది. రెండింటి మధ్య గాలి ఇరుక్కుని, ఎంత ఫ్లష్ చేసినా సగమే పోయేది. అమ్మ బకెట్ల కొద్దీ నీళ్లు పోసేది, నాకు చెప్పేది కాదు. రెండు నెలల తర్వాత తెలిసి పగలగొట్టించాను. ఇండియన్ పాన్‌కి ట్రాప్ విడిగా పెట్టాలి, వెస్టర్న్ కమోడ్‌కి పెట్టకూడదు. ఈ ఒక్క మాట పని మొదలయ్యే రోజే చెప్పండి.

స్నానం నీళ్లు, వాన నీళ్లు కూడా ఇదే పైపులోకి వదలవచ్చా?

ఇల్లు సెప్టిక్ ట్యాంకు మీద ఉంటే స్నానం నీళ్లు విడిగా, గల్లీ ట్రాప్ (నీళ్లు నిలిచి వాసనను ఆపే చిన్న తొట్టి) ద్వారా ఇంకుడు గుంతకో కాలువకో పంపండి. ట్యాంకులో మలం అడుక్కి దిగాలంటే నీళ్లు కదలకుండా గంటల తరబడి ఉండాలి. బకెట్లు బకెట్లు పడుతుంటే అది తేరుకోదు. వాన నీళ్లను మాత్రం ఏ ఇంట్లోనూ సాయిల్ పైపుకి కలపకూడదు. ఒక పెద్ద వానకే కింది కమోడ్ పొంగుతుంది.

ఉన్న ట్యాంకు ఇంకో టాయిలెట్‌ని తట్టుకుంటుందా?

టాయిలెట్ల సంఖ్య కాదు, మనుషుల సంఖ్య చూడాలి. అదే ఐదుగురు రెండు టాయిలెట్లు వాడితే ట్యాంకుకి పెద్ద తేడా ఉండదు. మేడ మీద కొత్త పోర్షన్ వేసి అద్దెకిస్తున్నారంటే తేడా ఉంటుంది. సెప్టిక్ ట్యాంకుల ప్రమాణం ఐఎస్ 2470 ప్రకారం ఐదుగురికి ఒకటిన్నర మీటర్ల పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, మీటరు నీటి లోతు ఉండాలి. ఆఖరుసారి ఎప్పుడు తీయించారో గుర్తు లేకపోతే, పైపు కలపడానికి ముందే బండి పిలిపించి ఖాళీ చేయించండి. తర్వాత రెండు మూడేళ్లకోసారి.

మాది గోదావరి డెల్టా. వానాకాలంలో కమోడ్‌లో నీళ్లు దిగవు. కొత్త టాయిలెట్ ఎలా?

ఇది పైపు తప్పు కాదు. వానాకాలంలో భూమిలో నీటిమట్టం పైకొచ్చి ఇంకుడు గుంత నిండిపోతుంది. ట్యాంకు నీళ్లకు పోయే దారి ఉండదు. ఇలాంటి చోట కొత్త టాయిలెట్‌ని వీలైనంత ఎత్తులో, పి ట్రాప్‌తో పెట్టండి. ట్యాంకు లోపలికి వచ్చే పైపు, బయటికి పోయే పైపు కన్నా రెండు మూడంగుళాలు పైన ఉందో లేదో చూడండి. ఇంకుడు గుంతను లోతుగా తవ్వినా లాభం లేదు, పైమట్టంలో వెడల్పుగా చేస్తే కొంత నయం.

బోరు గానీ బావి గానీ ఉంటే గుంత వాటికి 18 మీటర్ల దూరంలో, అంటే 60 అడుగుల అవతల ఉండాలి. చిన్న స్థలాల్లో ఇది కుదరడం కష్టమని తెలుసు. కుదరనప్పుడు ఆ నీళ్లు తాగడం మానేయండి. పక్కింటివాళ్ల బోరు కూడా లెక్కలోకి తీసుకోండి.

మేడ మీద గదిలో పెట్టాలంటే శ్లాబు పగలగొట్టాలా?

కట్టేటప్పుడే బాత్రూమ్ చోట శ్లాబును దించి ఉంటే పైపు అందులో పడుతుంది. లేకపోతే పి ట్రాప్ పెట్టి బయటి గోడలోంచి తీయడమే మేలు. బీమును మాత్రం ఎవరు చెప్పినా తొలవనివ్వకండి. శ్లాబుకి రంధ్రం తప్పదంటే సుత్తి, ఉలితో కాకుండా కోర్ కటింగ్ మిషన్‌తో చేయించండి.

అనుమతి కావాలా?

మీ ఆవరణలో ఉన్న చాంబర్‌కి కలుపుకోవడం ఒకటి, వీధి డ్రైనేజీకి కొత్తగా కలపడం ఇంకొకటి. రెండోదానికి మున్సిపాలిటీలో దరఖాస్తు చేయాలి, హైదరాబాద్‌లో జలమండలికి. అపార్ట్‌మెంట్‌లో నిలువు పైపు అందరిదీ. అసోసియేషన్‌కి రాతపూర్వకంగా చెప్పకుండా దాన్ని కోయవద్దు. కింది ఫ్లాటువాళ్ల వంటగది మీదనో దేవుడి గది మీదనో టాయిలెట్ పెట్టే ఆలోచన ఉంటే, వాళ్ల స్థానంలో ఉండి ఒక్కసారి చూడండి.

వాస్తు ప్రకారం చోటు కుదిరింది, పైపుకి వాటం కుదరడం లేదు. ఏం చేయాలి?

ఈశాన్యంలో టాయిలెట్ వద్దన్నది మన ఇళ్లలో దాదాపు అందరూ పాటిస్తారు, నేనూ కాదనను. సిద్ధాంతిగారినీ ప్లంబర్‌నీ ఒకే రోజు పిలవండి. మొదట చోటు ఖాయం చేసి తర్వాత ప్లంబర్‌ని పిలిస్తేనే ఇబ్బంది.

అమెరికాలో మా అబ్బాయి ఇంట్లో కమోడ్ కింద మైనం రింగ్ పెట్టారు. ఇక్కడ పెట్టరేం?

అక్కడ చెక్క నేలకు ఫ్లాంజ్ (పైపు నోటి చుట్టూ ఉండే చట్రం) బిగించి, దానిమీద మైనం రింగ్ పెట్టి కమోడ్ కూర్చోబెడతారు. ఇక్కడ ఆ పని రబ్బరు సీలు ఉన్న కనెక్టర్ చేస్తుంది. ఏ దేశం వీడియో చూస్తున్నారో గమనించండి, కొలతలూ వేరు. ఇక్కడ కనెక్టర్ బదులు సిమెంటు పూసి కమోడ్‌ని పాతేసేవాళ్లున్నారు. అలా చేస్తే తర్వాత తీయాలంటే కమోడ్ పగలాల్సిందే.

టైల్స్ వేసేముందు ఏం పరీక్షించాలి?

చాంబర్ వైపు చివర మూసి, పైపు నిండా నీళ్లు పోసి, మట్టం దగ్గర గీత పెట్టి, ఒక రాత్రి ఉంచండి. పొద్దున నీళ్లు గీత దగ్గరే ఉంటే జాయింట్లు బాగున్నట్టు. తర్వాత మూసింది తీసి, నలిపిన టిష్యూ ఉండలు కొన్ని వేసి బకెట్ నీళ్లు పోయండి. వేసినవన్నీ చాంబర్‌లోకి వచ్చాయో లేదో లెక్కపెట్టండి. ఇది అయ్యేదాకా మట్టి పూడ్చవద్దు, పనివాళ్లు ఎంత తొందరపెట్టినా సరే.

ట్యాంకు దగ్గర పైపు కలపాలంటే మనిషి లోపలికి దిగాలా?

దిగకూడదు. ఇందులో రెండో మాట లేదు. ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ ఉంటాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే దాని వాసన కూడా తెలియదు, నిమిషాల్లో స్పృహ తప్పుతుంది. పడిపోయినవాడిని లాగడానికి దిగినవాడూ అలాగే పోతాడు. ఇలా ఒకే ట్యాంకులో ఇద్దరు ముగ్గురు ప్రాణాలు కోల్పోయిన వార్తలు మనం ఎన్నో చదివాం. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం, దింపినవాళ్ల మీద కేసు అవుతుంది. ముందే ఉన్న చాంబర్‌లో కలపండి, లేదా బయటి గోడ వైపు నుంచి పని చేయించండి. మూత తీసినప్పుడు దాని మీదికి వంగవద్దు, దగ్గర్లో అగ్గిపుల్ల వెలిగించవద్దు, పిల్లల్ని అటు రానివ్వవద్దు.

పని పూర్తయ్యాక ఏమైనా దాచుకోవాలా?

పూడ్చేముందు పైపు దారి మొత్తాన్ని ఫొటోలు తీయండి. పక్కన టేపు పరిచి, గోడ నుంచి ఎంత దూరమో కనిపించేలా తీయండి. బిల్లు, పైపు మీది ముద్ర ఫొటో కూడా ఉంచుకోండి. మా ఇంట్లో ఆ కొలతలు ఒక కాగితం మీద రాసి, కరెంటు మీటరు పెట్టె తలుపు లోపలివైపు అంటించాను. నేను లేనప్పుడు ఏ ప్లంబర్ వచ్చినా అమ్మ ఆ తలుపు తీసి చూపిస్తుంది.